ఇంప్రూవ్డ్ సాంబ మసూరి: పొలంలోనూ పళ్లెంలోనూ ఒక పరిశీలన

బీపీటీ 5204, అంటే సాంబ మసూరి వరి, తప్ప వేరే రకం నాటడానికి మనసొప్పని రైతుకు, అందులోనూ సార్వా పంటపై తరచుగా ఎండాకు తెగులు పడే చేను ఉన్న రైతుకు, ఇంప్రూవ్డ్ సాంబ మసూరి కంటే తగిన విత్తనం నాకు తెలిసినంతలో లేదు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని మా పొలంలో దీన్ని కొన్నేళ్లుగా సాగుచేస్తున్నాం, పండిన ధాన్యంలో నుంచే ఇంటికి బియ్యం పట్టించుకుంటున్నాం. కనుక విత్తనంగానూ, తిండిగానూ దీని మంచిచెడ్డలు చెప్పగలను. అయితే ఈ రకాన్ని తయారుచేసిన కారణం ఒకటి, ఇప్పుడు దుకాణాల్లో దీన్ని అమ్ముతున్న కారణం మరొకటి. పట్టణాల్లో దీనికి మధుమేహం ఉన్నవారి బియ్యమని పేరు వచ్చింది. ఆ పేరు పూర్తిగా తప్పని అనను, కానీ దీని అసలు విలువ అక్కడ లేదు. ఎంతో పేరున్న ఒక రకంలోకి మూడు జన్యువులను మాత్రమే చేర్చి, మిగిలినదంతా దాదాపు ఉన్నది ఉన్నట్టు ఉంచగలగడంలో ఉంది. ఆ పని ఎలా జరిగిందో తెలిస్తే విత్తనం కొనేటప్పుడు ఏం చూడాలో, దాని నుంచి ఏం ఆశించకూడదో కూడా తెలుస్తుంది కాబట్టి ఈ సమీక్షలో జన్యుశాస్త్రానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

మూలరకమైన సాంబ మసూరి 1986లో బాపట్ల వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి విడుదలైంది. డాక్టర్ ఎం.వి. రెడ్డి రూపొందించిన ఈ రకంలో సన్నగింజ గల పాత రకం జీఈబీ 24, తైవాన్‌కు చెందిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్ 1, మలేషియా నుంచి వచ్చిన మసూరి కలిశాయి. మధ్యస్థపు పొడవు, సన్నని గింజ, మిల్లులో తక్కువ నూక, విడివిడిగా ఉండే మెత్తని అన్నం దీని లక్షణాలు. నంద్యాల వైపు పండినదాన్ని కర్నూలు సోనా అంటారు, మా వైపు బీపీటీ అంటారు. పేరేదైనా బియ్యపు ధర మాట్లాడేటప్పుడు కొలబద్దగా నిలిచేది ఇదే. ఇంతకంటే ఎక్కువ దిగుబడినిచ్చే రకాలు ఆ తర్వాత చాలా వచ్చినా రైతులు దీన్ని వదులుకోలేదు. తెగుళ్ల విషయంలో మాత్రం ఇది మొదటి నుంచీ సుకుమారమైన రకం. అగ్గి తెగులు, పొడ తెగులు, దోమపోటు, ఎండాకు తెగులు అన్నీ దీన్ని పట్టుకుంటాయి.

వీటిలో ఎండాకు తెగులు స్వభావం వేరు. ఇది బూజు వల్ల వచ్చేది కాదు. జాంథోమోనాస్ ఒరైజే అనే బాక్టీరియా వల్ల వస్తుంది. ఆకు అంచుల్లోని సహజమైన నీటి రంధ్రాల గుండా గానీ, ఆకులు ఒకదానితో ఒకటి రాసుకున్నప్పుడు ఏర్పడిన గాయాల గుండా గానీ అది లోపలికి చేరి, నీటిని మోసే నాళాల్లో పెరుగుతుంది. ఆకు కొన నుంచి అంచు వెంబడి అలలు అలలుగా పసుపు రంగు దిగి, ఆ తర్వాత ఎండుగడ్డి రంగుకు మారుతుంది. గాలివాన వెలిసిన కొద్ది రోజుల్లోనే చేను మొత్తం కొనలు మాడినట్టు కనిపించడం డెల్టాలో అందరికీ అనుభవమే. యూరియా ఎక్కువ వేసిన చేలల్లో తీవ్రత మరింత ఎక్కువ. సాధారణంగా 20 నుంచి 30 శాతం దిగుబడి పోతుంది, ఈనిక దశకు ముందే తగిలితే సగం పోయిన సందర్భాలూ ఉన్నాయి. కాపర్ ఆక్సీక్లోరైడ్‌లో స్ట్రెప్టోమైసిన్ మందు కలిపి పిచికారీ చేయడం రైతులకు అలవాటే అయినా, నాళాల లోపలికి చేరిన బాక్టీరియాను బయటి నుంచి చల్లిన మందు నమ్మకంగా ఆపలేదు. పైగా యాంటీబయాటిక్ మందును ఎకరాల కొద్దీ నేల మీద చల్లడం మనుషుల ఆరోగ్యానికి మంచిది కాదు. మొక్కలోనే తట్టుకునే గుణం ఉండటం తప్ప ఈ తెగులుకు నిలకడైన పరిష్కారం లేదు.

ఆ గుణాన్ని సాంబ మసూరిలోకి తెచ్చిన పని హైదరాబాద్‌లో జరిగింది. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీలో డాక్టర్ రమేష్ వి. సొంటి బృందం, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన డైరెక్టరేట్‌లో డాక్టర్ ఆర్.ఎం. సుందరం తదితరులు కలిసి దీన్ని రూపొందించారు. ఆ డైరెక్టరేట్టే ఇప్పుడు భారత వరి పరిశోధన సంస్థ. 2008లో ఆర్‌పీ బయో 226 అనే పేరుతో రకం విడుదలైంది. విత్తన సంచి మీద ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని గానీ, ఐఎస్‌ఎం అని గానీ, ఆర్‌పీ బయో 226 అని గానీ కనిపించవచ్చు, మూడూ ఒకటే.

ఇందులో చేర్చిన మూడు జన్యువులు ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5. ఇవి మూడూ తెగులును ఒకే తీరుగా ఆపవు, రకం బలమంతా అక్కడే ఉంది. ఎక్స్‌ఏ 21 మన సాగు వరిది కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి దేశానికి చెందిన ఒరైజా లాంగిస్టామినేటా అనే అడవి వరి నుంచి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో దాన్ని సంకరణం ద్వారా సాగు వరిలోకి తెచ్చారు. 1995లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలోని పమేలా రోనాల్డ్ బృందం ఆ జన్యువును వేరుచేసి, అది కణపు పొరపై నిలబడే ఒక గ్రాహక ప్రోటీన్‌కు సూత్రమని చూపింది. బాక్టీరియా విడుదల చేసే ప్రోటీన్ తునక లాంటి ఒక చిన్న పెప్టైడ్‌ను ఆ గ్రాహకం గుర్తుపట్టి కణం లోపలికి సంకేతం పంపుతుంది, మొక్క తన రక్షణ చర్యలను మొదలుపెడుతుంది. ఆ పెప్టైడ్ ఏదో తేలడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 2015లో దాన్ని గుర్తించారు.

ఎక్స్‌ఏ 13 కథ ఇంకా ఆశ్చర్యకరం. బాక్టీరియా తన ప్రోటీన్ ఒకదాన్ని మొక్క కణంలోకి పంపుతుంది. అది నేరుగా వరి డీఎన్‌ఏ మీదికే వెళ్లి, 8వ క్రోమోజోమ్‌పై ఉన్న ఒక చక్కెర రవాణా జన్యువు ముందుభాగాన్ని పట్టుకుని, ఆ జన్యువును పనిచేయించడం మొదలుపెడుతుంది. దాంతో మొక్క తన చక్కెరను తానే బాక్టీరియాకు అందిస్తుంది. తెగులును తట్టుకునే రకాల్లో ఆ ముందుభాగపు అక్షరక్రమం మారి ఉంటుంది, అందువల్ల బాక్టీరియా ప్రోటీన్‌కు పట్టు దొరకదు. చక్కెర రవాణా ప్రోటీన్ మాత్రం మారలేదు. మారినదల్లా శత్రువు చేయి వేసే చోటు. ఇక ఎక్స్‌ఏ 5 అనేది 5వ క్రోమోజోమ్‌పై ఉంది. జన్యువులను చదివే యంత్రాంగంలోని ఒక చిన్న భాగానికి అది సూత్రం, అందులో 39వ స్థానంలోని ఒకే ఒక్క ఎమైనో ఆమ్లం మారింది. బాక్టీరియా ప్రోటీన్లు తమ పని జరిపించుకోవడానికి ఆ యంత్రాంగాన్ని ఆశ్రయిస్తాయి కాబట్టి ఆ చిన్న మార్పుతో వాటి ప్రభావం తగ్గిపోతుంది. అంటే మొదటి జన్యువు శత్రువును గుర్తుపడుతుంది, మిగతా రెండూ శత్రువుకు దొరికే సహాయాన్ని తీసేస్తాయి. ఈ మూడింటినీ ఒకేసారి దాటుకుని రావడం బాక్టీరియాకు ఏదో ఒక్కదాన్ని దాటడం కంటే చాలా కష్టం.

ఈ మూడింటినీ సాంబ మసూరిలోకి చేర్చడం మామూలు సంకరణ పద్ధతిలో ఎందుకు దుస్సాధ్యమో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డీఎన్‌ఏ పరీక్ష వల్ల వ్యవసాయానికి కలిగిన మేలును ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ మన దగ్గర మరొకటి తక్కువ. ఎక్స్‌ఏ 21 బహిర్గత జన్యువు. ఒక్క ప్రతి ఉన్నా మొక్క తట్టుకుంటుంది. మిగతా రెండూ అంతర్గత జన్యువులు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తే తప్ప వాటి గుణం బయటపడదు. ఒక్క ప్రతి మాత్రమే మోస్తున్న మొక్కకు తెగులు అంటించి చూస్తే అది లొంగిపోతుంది, జన్యువు దానిలో ఉన్న సంగతి మనకు తెలియదు. పైగా ఎక్స్‌ఏ 21 ఇప్పటికే మొక్కను కాపాడుతుంటే, దాని పక్కన మిగతా రెండూ ఉన్నాయో లేవో తెగులు పరీక్ష చెప్పలేదు. కంటికి కనిపించే గుణాన్ని బట్టి మొక్కలను ఎంచుకునే పద్ధతి ఇక్కడ చేతులెత్తేస్తుంది.

డీఎన్‌ఏ మార్కర్, అంటే జన్యువు ఉనికికి గుర్తుగా పనికొచ్చే డీఎన్‌ఏ ముక్క, ఈ చిక్కును విడదీస్తుంది. లేత ఆకు ముక్క ఒకటి తీసుకుని, అందులోని డీఎన్‌ఏను వేరుచేసి, జన్యువుకు బాగా దగ్గరగా ఉన్న ఒక చిన్న భాగాన్ని పీసీఆర్ యంత్రంలో లక్షల ప్రతులుగా పెంచుతారు. ఆ ప్రతులను అగరోజ్ జెల్‌లో పోసి విద్యుత్తు పంపితే పొట్టి ముక్కలు వేగంగా, పొడవు ముక్కలు నెమ్మదిగా కదులుతాయి. ఎక్స్‌ఏ 21 పక్కన వాడిన మార్కర్‌లో తట్టుకునే మొక్కకు పొడవైన ముక్క, లొంగిపోయే మొక్కకు పొట్టి ముక్క వస్తుంది. ఒక్కో ప్రతి ఉన్న మొక్కకు రెండు గీతలూ కనిపిస్తాయి. మిగతా రెండు జన్యువుల దగ్గర ముక్కల పొడవులో తేడా ఉండదు కనుక, నిర్ణీత అక్షరక్రమం ఉన్నచోట మాత్రమే కత్తిరించే ఎంజైమ్‌తో కోసి, ఆ తర్వాత జెల్‌లో చూస్తారు. నారు దశలోనే ఏ మొక్కలో ఏ జన్యువు ఎన్ని ప్రతులుందో తెలిసిపోతుంది, అదే పంటకాలంలో అది పూతకు రాగానే సంకరణానికి వాడుకోవచ్చు.

జన్యువుల దాతగా పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పీఆర్ 106 రకంలో ఈ మూడింటినీ కూర్చి తయారుచేసిన ఎస్‌ఎస్ 1113 అనే లైన్‌ను వాడారు. దాన్ని సాంబ మసూరితో సంకరపరచి, వచ్చిన సంతతిని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలిపారు. ఇదే బ్యాక్‌క్రాస్ పద్ధతి. ఒక్కో తరంలో మూడు జన్యువులూ ఒక్కో ప్రతి చొప్పున మోసే మొక్కలు లెక్క ప్రకారం ఎనిమిదింట ఒకటే ఉంటాయి. మొదటి బ్యాక్‌క్రాస్ తర్వాత సగటున 75 శాతం, రెండో దాని తర్వాత 87.5 శాతం, మూడో దాని తర్వాత 93.75 శాతం, నాలుగో దాని తర్వాత దాదాపు 97 శాతం సాంబ మసూరి జన్యుసంపద తిరిగి వస్తుంది. ఇవి సగటులు మాత్రమే. కాబట్టి క్రోమోజోములన్నిటి మీదా విస్తరించి ఉన్న మైక్రోశాటిలైట్ (చిన్న అక్షరక్రమం మళ్లీ మళ్లీ వచ్చే డీఎన్‌ఏ భాగాల) మార్కర్లతో కూడా పరీక్షించి, ఆ ఎనిమిదింట ఒకటి మొక్కల్లోనూ సాంబ మసూరి పాలు ఎక్కువ ఉన్నవాటినే ముందుకు తీసుకెళ్లారు. నాలుగు బ్యాక్‌క్రాస్‌లు పూర్తయ్యాక మొక్కను స్వయంగా ఫలదీకరణ జరుపుకోనిస్తే, మూడు జన్యువులూ రెండేసి ప్రతులు గల మొక్క అరవై నాలుగింట ఒకటి వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి మళ్లీ మార్కర్లే కావాలి. ఆ తర్వాత కత్తెరను బాక్టీరియా ద్రావణంలో ముంచి ఆకు కొనలు కోసి, రెండు వారాల తర్వాత మచ్చ ఎంత దూరం పాకిందో కొలిచే పాత పరీక్ష కూడా చేశారు. మార్కర్ చెప్పిన మాటను చేలో నిలబెట్టి చూడటం నాకు ఎంతో నచ్చిన విషయం.

ఇంకో మాట కూడా స్పష్టంగా చెప్పాలి. ఇది జన్యుమార్పిడి పంట కాదు. ప్రయోగశాలలో తయారుచేసిన జన్యువును ఏ మొక్క కణంలోకీ దూర్చలేదు. పుప్పొడి నుంచి అండానికి, అంటే వరి నుంచి వరికే, జన్యువులు చేరాయి. ప్రయోగశాలలో జరిగింది మొక్కల ఎంపిక మాత్రమే. బీటీ పత్తి గురించిన వాదాలను ఈ బియ్యానికి అంటగట్టి భయపెట్టేవారికీ, మరోవైపు జన్యు బియ్యమని గొప్పగా పిలిచి ఎక్కువ ధర అడిగేవారికీ ఈ తేడా తెలియాలి.

పొలంలో దీని నడవడి గురించి చెప్పాలంటే, మంచి ఏడాదిలో దీన్నీ మామూలు బీపీటీనీ పక్కపక్కన వేసి చూపిస్తే ఏది ఏదో గుర్తుపట్టడం కష్టం. పిలకలు పెట్టే తీరు, దుబ్బు, ఆకు రంగు, కంకి పొడవు అన్నీ ఒకేలా ఉంటాయి. కోతకు మాత్రం మామూలు సాంబ మసూరి కంటే కొద్ది రోజుల ముందుగా వస్తుంది. తుపాన్లు ముసిరే కాలంలో ఆ కొద్ది రోజులూ విలువైనవే. తెగులు లేని సంవత్సరం దిగుబడి పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు, పెరగదు. మా వైపు సాంబ మసూరి బాగా పండితే ఎకరానికి 30 బస్తాల చుట్టూ తిరుగుతుంది, ఇదీ అంతే. తేడా అంతా గాలివాన తర్వాత తెలుస్తుంది. గట్టు అవతలి బీపీటీ చేలో కొనలు ఎండుతుంటే ఈ చేలో ఆకు పచ్చగా నిలబడి, గింజ పాలుపోసుకునే దశ దాటి గట్టిపడేదాకా పనిచేస్తుంది. ఎండాకు తెగులు కోసం మందు కొనే ఖర్చు మాకు తప్పింది. అన్నిటికంటే ముఖ్యంగా, తాలు తగ్గింది.

ఇది ఆపలేనివి కూడా అంతే నిక్కచ్చిగా చెప్పాలి. ఆ మూడు జన్యువులూ ఒక్క ఎండాకు తెగులుకు సంబంధించినవే. అగ్గి తెగులు దీనికి మామూలు సాంబ మసూరికి వచ్చినట్టే వస్తుంది, పొడ తెగులూ దోమపోటూ కూడా అంతే. తెగులు తట్టుకునే రకమని అమ్మకందారు చెప్పిన మాటను అన్ని తెగుళ్లకూ వర్తింపజేసుకుని మెడ విరుపు దశలో జాగ్రత్త పడకపోతే నష్టం తప్పదు. యూరియా విషయంలోనూ ధీమా పనికిరాదు. ఎండాకు తెగులు రాదు కదా అని మోతాదు పెంచితే దోమను పిలిచినట్టే. చేను పడిపోయే గుణం కూడా పోలేదు. అగ్గి తెగులును, చౌడును, భాస్వరం కొరతను తట్టుకునే జన్యువులను ఇదే రకంలోకి ఇదే మార్కర్ పద్ధతితో చేర్చిన తర్వాతి రకాలను భారత వరి పరిశోధన సంస్థ రూపొందించింది. ఆ సమస్యలు ఎక్కువగా ఉన్న నేలల రైతులు వాటి గురించి విచారించడం మంచిది.

బాక్టీరియా ఊరికే కూర్చోదన్న సంగతీ మరవకూడదు. ఎక్స్‌ఏ 21 ఒక్కదాన్నే లెక్కచేయని బాక్టీరియా తెగలు మన దేశంలోనే నమోదయ్యాయి. ఒకే జన్యువు మీద ఆధారపడకుండా మూడింటిని కూర్చడానికి కారణం అదే. ఒరైజా నివారా అనే అడవి వరి నుంచి ఎక్స్‌ఏ 38 అనే మరో జన్యువును ఇదే రకంలోకి తెచ్చే పని కూడా శాస్త్రవేత్తలు చేశారు. చేలో ఎక్కడైనా ఎండాకు మచ్చలు పాకుతున్నట్టు అనుమానం వస్తే వెంటనే వ్యవసాయ శాఖవారికి చూపించాలి. అది విత్తనం కల్తీ వల్ల కావచ్చు, కొత్త తెగ బాక్టీరియా కావచ్చు, రెండూ తెలుసుకోవలసినవే.

విత్తనం కల్తీ దీని విషయంలో పెద్ద ఇబ్బంది. మామూలు బీపీటీతో కంటికి తేడా లేకపోవడం రకం గొప్పతనమే అయినా, మోసానికి దారి తీసేదీ అదే. గింజను చూసి చెప్పలేం, మొలకను చూసి చెప్పలేం, తెగులు వచ్చాక మాత్రమే బయటపడుతుంది. అప్పటికి చేయగలిగింది లేదు. ఒక ఏడాది మేము ఒక దుకాణంలో తెచ్చిన విత్తనంతో నాటిన మడిలో చాలా దుబ్బులు పక్క చేలోని బీపీటీ లాగే మాడిపోయాయి. అందుకే ఇప్పుడు పరిశోధన సంస్థ నుంచి గానీ, వ్యవసాయ విశ్వవిద్యాలయ కేంద్రాల నుంచి గానీ, బిల్లు మీద రకం పేరు రాసిచ్చే చోటు నుంచి గానీ తప్ప తీసుకోవడం లేదు. సంచికి కట్టిన ట్యాగు చూడాలి: ఫౌండేషన్ విత్తనానికి తెల్ల ట్యాగు, సర్టిఫైడ్ విత్తనానికి నీలం ట్యాగు ఉంటుంది. రకాన్ని తయారుచేయడానికి వాడిన ఆ మార్కర్లతోనే సంచిలోని విత్తనం నిజమైనదో కాదో కూడా తేల్చవచ్చు. ఎగుమతి బాస్మతిలో కల్తీని డీఎన్‌ఏ పరీక్షతో పట్టే ఏర్పాటు హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీలో ఉన్నప్పుడు, రైతు విత్తనానికి అదే పరీక్ష జిల్లా స్థాయిలో ఎందుకు అందకూడదో నాకు అర్థం కాదు. ఈ రకానికి ఇవ్వదగ్గ మార్కుల్లో నేను తగ్గించేది ఇక్కడే, అది విత్తనం లోపం కాకపోయినా.

బియ్యం సంగతి. కొత్త బియ్యం కొంచెం ముద్దగా అవుతుంది, ఆరు నెలలు దాటాక అన్నం విడివిడిగా, తేలిగ్గా వస్తుంది. పప్పుకూ పులుసుకూ ఎంత బాగుంటుందో, మర్నాటి చద్దన్నానికీ అంత బాగుంటుంది. ఇంట్లో పెద్దవారికి చెప్పకుండా వడ్డిస్తే మామూలు సాంబ మసూరి అనే అనుకున్నారు. ఈ రకానికి అంతకంటే మెచ్చుకోలు ఉండదు. మిల్లులో నూక శాతం కూడా తేడాగా అనిపించలేదు.

ఇక మధుమేహం మాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో జరిపిన పరీక్షలో దీని గ్లైసీమిక్ సూచీ, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంతగా పెరుగుతుందో చెప్పే కొలత, 50.99గా తేలింది. 55 వరకు ఉన్నవాటిని తక్కువ సూచీ ఆహారంగా, 70, ఆపైన ఉన్నవాటిని ఎక్కువ సూచీ ఆహారంగా లెక్కిస్తారు. ఫిలిప్పీన్స్ సంస్థ 235 వరి రకాలను పరిశీలించినప్పుడు సూచీ 48 నుంచి 92 దాకా, సగటున 64గా కనిపించింది. దాని పక్కన పెడితే 50.99 నిజంగా మంచి సంఖ్యే. రాజేంద్రనగర్ నుంచి వచ్చిన తెలంగాణ సోనా కూడా ఇంచుమించు ఇదే స్థాయిలో ఉంటుంది. అయితే మూడు తెగులు జన్యువులకూ ఈ సంఖ్యకూ సంబంధం ఉందనుకోవడానికి ఆధారం లేదు. పిండిపదార్థంలోని అమైలోజ్ పాలు, గింజ నిర్మాణం, వండే తీరు సూచీని నిర్ణయిస్తాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, సూచీని నిర్ణీత పరిమాణంలో పిండిపదార్థం తినిపించి కొలుస్తారు. పచ్చి బియ్యంలో నూటికి దాదాపు 78 పాళ్లు పిండిపదార్థమే కాబట్టి, పళ్లెం నిండా రెండుసార్లు వడ్డించుకుంటే ఏ రకమైనా చక్కెర పెంచుతుంది. మా ఇంట్లో మధుమేహం ఉన్నవారు దీన్నే తింటారు, కానీ కొలత తగ్గించి, కూర పెంచి, వైద్యుల సలహా మీద తింటారు. ఈ పేరు చెప్పి మామూలు సాంబ మసూరికి రెట్టింపు ధర అడిగే చోట కొనవలసిన అవసరం లేదు. సంచిలో ఉన్నది నిజంగా ఈ రకమేనని వారు ఏ పరీక్షతోనూ చూపించరు.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించిన డీఆర్‌ఆర్ ధాన్ 100, అంటే కమల, రకం గురించి చాలామంది అడుగుతున్నారు. అదీ సాంబ మసూరి నుంచి వచ్చిందే, అదీ రాజేంద్రనగర్ సంస్థదే, కానీ పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ బయటి నుంచి జన్యువు ఏదీ తేలేదు. క్రిస్పర్ అనే జన్యు సవరణ పద్ధతిలో ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క దారి చూపగా, ఎంజైమ్ వెళ్లి సీకేఎక్స్ 2 అనే జన్యువును కోసింది. కణం ఆ కోతను అతికించుకునేటప్పుడు అక్షరాలు తప్పిపోయి ఆ జన్యువు పని తగ్గింది. సైటోకైనిన్ అనే పెరుగుదల హార్మోన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమ్‌కు ఆ జన్యువు సూత్రం. అది తగ్గితే హార్మోన్ నిలిచి, కంకికి గింజలు పెరుగుతాయి. జపాన్ శాస్త్రవేత్తలు 2005లో గుర్తించిన సంబంధమే ఇది. పరీక్షల్లో మూలరకం కంటే 19 శాతం ఎక్కువ దిగుబడి, సుమారు 20 రోజుల ముందు కోత వచ్చాయని సంస్థ చెబుతోంది. బయటి డీఎన్‌ఏ లేని ఇలాంటి మొక్కలను జన్యుమార్పిడి పంటలకు ఉండే నియమాల్లో కొన్నింటి నుంచి 2022 మార్చిలో కేంద్రం మినహాయించింది. ఆ మినహాయింపు మీద, క్రిస్పర్ పేటెంట్ల మీద, పరీక్షల గణాంకాల మీద రైతు సంఘాల వారు, పర్యావరణవేత్తలు అభ్యంతరాలు చెబుతున్నారు. వాటికి ప్రభుత్వం బహిరంగంగా, అంకెలతో సమాధానం ఇవ్వాలని నేనూ కోరుకుంటున్నాను. సాగుదారుగా నేను చూసేది మరొకటి కూడా ఉంది: కమలలో చేసిన మార్పు దిగుబడి కోసం చేసినది, ఎండాకు తెగులు కోసం కాదు. ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయం కాదు. పదిహేనేళ్లకు పైగా రైతుల చేలల్లో నిలిచిన రకాన్ని వదిలి కొత్తదానికి మారేముందు ఒకటి రెండు సీజన్లు పక్క రైతు చేలో చూసి నిర్ణయించుకోవడం నా ఉద్దేశం.

ఖర్చు విషయంలో దీనికి ఒక పెద్ద అనుకూలత ఉంది. వరి స్వయంగా ఫలదీకరణ జరుపుకునే పంట, పైగా ఇది హైబ్రిడ్ కాదు. మూడు జన్యువులూ రెండేసి ప్రతులుగా స్థిరపడి ఉన్నాయి కనుక మన చేలో పండిన గింజను విత్తనంగా దాచుకున్నా అవే గుణాలు వస్తాయి. 2001 నాటి మొక్కల రకాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం ఆ హక్కును రైతుకు ఇచ్చింది. ఎకరానికి 20 నుంచి 25 కిలోల విత్తనం చాలు కాబట్టి చేలో మధ్యభాగంలో కొంత స్థలం విత్తనం కోసమే కేటాయించి, గట్ల పక్క దుబ్బులను వదిలి, పూత దశలో ఒకసారి, కోతకు ముందు ఒకసారి కేళీలు (కలిసిపోయిన వేరే రకపు మొక్కలు) ఏరి, ఆ భాగాన్ని విడిగా కోసి, విడిగా నూర్చి, బాగా ఎండబెట్టి దాచుకుంటే మరుసటి సార్వాకు విత్తనం కొనే పని ఉండదు. నూర్పిడి యంత్రంలో అంతకుముందు వేరే రకం నూర్చి ఉంటే మొదటి రెండు బస్తాలు విత్తనానికి ఉంచకూడదు. మూడు నాలుగు పంటలకు ఒకసారి మాత్రం ట్యాగు ఉన్న కొత్త విత్తనం తెచ్చుకోవాలి.